ముసలవ్వ నోరు బాలకృష్ణది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆలేరు స్టేషన్ రోడ్డులో నా జిరాక్స్ షాపుకు వచ్చేవాళ్ళు ముందు నా మొహం చూసి, ఆ తర్వాతే జేబులోంచి ఆధార్ కార్డు తీస్తారు. అట్లాంటి మనిషిని పట్టుకొచ్చి కథల ఆటకు మాస్టర్‌గా కూర్చోబెడితే ఏమవుతుంది? మొదటి రోజే ఆడేవాళ్ళు ముగ్గురినీ చంపి కూర్చున్నాను.

"గిదేం ఆటనే స్వర్ణా? సద్ది తిని కూసుంటే పగటాల్లకు అందరం సచ్చుడేనా?" అన్నాడు కాటమయ్య మామ. మోకాళ్ళ నొప్పులతో తాటిచెట్లెక్కడం మానేసిన మనిషి. ఆటలో ఆయన పెద్ద వీరుడు. ఆ వీరుణ్ణి మొసలికి వేశాను.

ఆ ఆటను మా ఊరికి తెచ్చింది సాయికిరణ్. హైదరాబాద్‌లో ఏదో కంపెనీలో చేస్తూ, కరోనా లాక్‌డౌన్‌లో ఇంటికొచ్చి పడ్డాడు. బోర్డు ఉండదు, కాయలుండవు. మాస్టర్ ఒక లోకం గురించి చెప్పాలి. ఆడేవాళ్ళు తలా ఒక పాత్ర పట్టుకుని, అక్కడ ఏం చేస్తారో నోటితో చెప్పాలి. నది ఈదగలిగారా, మునిగారా అన్నది పాచికలు తేలుస్తాయి. ఇరవై ముఖాల పాచికలట, అవి మా దగ్గరెక్కడివి? పచ్చీసు గవ్వలు పెట్టుకున్నాం. నోరు పెద్దది కాబట్టి నన్ను మాస్టర్‌ను చేశారు.

రెండో రోజు నేను కోట గుమ్మం దగ్గర ఒక కావలివాణ్ణి పెట్టి, "లోపలికి పోనివ్వడు" అన్నాను. అంతవరకు మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని చూస్తూ కూర్చున్న ఆ ఇంటివాడు బాలకృష్ణ, "అక్కా, కావలోడు గట్ల అనడు" అన్నాడు. అని గొంతు బొంగురు చేసి, దగ్గి, "ఎవలు బిడ్డా? నాకు మాపటీలి కండ్లు ఆనయి. జర దగ్గరికొచ్చి మీ పేర్లు చెప్పుండ్రి" అన్నాడు. ముగ్గురూ నిజంగానే ముందుకు జరిగారు. కాటమయ్య మామైతే పేరుతో పాటు తండ్రి పేరు కూడా చెప్పాడు.

ఆ రోజు నుంచి మాస్టర్లం ఇద్దరమయ్యాం. నేల, ఆకాశం, గాలి, గవ్వలు నావి. మనుషులందరి నోళ్ళూ వాడివి. నేను ఊరు పెడితే వాడు ఆ ఊళ్ళో మంగలిని, పటేలమ్మను, తప్పతాగిన తలారిని పెట్టేవాడు. ఒక మాస్టర్ అన్న మాటను ఆట నడుస్తుండగా ఇంకో మాస్టర్ కాదనకూడదని ఒప్పందం. కొట్లాట ఏమైనా ఉంటే అందరూ పోయాక. పోయాక నేను బాగానే కొట్లాడేదాన్ని, వాడు నవ్వి ఊరుకునేవాడు.

బాలకృష్ణ నాకు తోడబుట్టినవాడేమీ కాదు, పక్కింటివాడు. చిన్నప్పటి నుంచి అక్కా అక్కా అని నా వెంట తిరిగాడు. తండ్రి పోయాక ఆయన మగ్గమే వీడూ ఎక్కాడు. ఆటలో మూడో మనిషి నిరోష వాడి భార్య. నన్ను వదినె అంటుంది, నా కోపానికి భయపడని ఒకే ఒక్క మనిషి.

మా దగ్గర అమాస నాడు మగ్గం ఆడించరు. తాతల నాటి నుంచీ నేతగాళ్ళకు అదే సెలవు. కాబట్టి ఆట కూడా అమాస నాడే, వాళ్ళ మగ్గం గదిలో. ఆ రోజు నేను షాపు మూసేదాన్ని. లాక్‌డౌన్ పోయి మళ్ళీ హైదరాబాద్ చేరాక సాయికిరణ్ ఆ రోజుకు లీవు పెట్టుకుని రైలెక్కి వచ్చేవాడు. నెలకొక్క రోజే ఆడితే కథ ఏళ్ళ తరబడి సాగదా మరి? నాలుగేళ్ళు సాగింది.

కథ పెద్దదేం కాదు. ఒక దేశంలో వానలు ఆగిపోయాయి. ఏడు గుట్టల అవతల ఒక ముసలవ్వ వానను కట్టేసి పెట్టుకుందట. ముగ్గురూ ఆమె దగ్గరికి పోయి వానను విడిపించుకు రావాలి. గుట్టలు నేను పెట్టాను, ముసలవ్వ బాలకృష్ణది. ఆమె వానను ఎందుకు కట్టేసిందో వాడికి తప్ప ఎవరికీ తెలియదు. నాకూ చెప్పలేదు.

"ఇద్దరం మాస్టర్లమే గదరా, నాకన్న చెప్పు" అని ఎన్నిసార్లు అడిగానో.

"ఆమె నోరు నాది గదక్కా. నువ్వు గుట్టను చూస్కో" అనేవాడు.

పోయిన ఎండాకాలం వాడు షాపుకు వచ్చి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. ఆరోగ్యశ్రీ కోసం స్కాన్ చేయాలట. నాలుక పక్కన పుండు చాలా రోజుల నుంచి మానడం లేదని నాకు తెలుసు. గుట్కా మానరా మానరా అని ఎన్ని తిట్లు తిట్టానో కూడా నాకే తెలుసు. కాగితం చదివాక మిషన్ మీద మూత వేసి నిలబడిపోయాను.

"నాలుక సగానికెక్కువే తీస్తరంట" అన్నాడు. "పానానికి ఫికర్ లేదన్నరు. మాటనే... ఎంతొస్తదో చెప్పలేమన్నరు."

"నిరోషకు తెల్సా?"

"తెల్సు. మామకు, సాయిగానికి చెప్పకక్కా. చెప్తె ఆటల నా మొకం చూసుకుంట మొహమాటపడ్తరు. ఆపరేషన్ కంటె ముంగట ఒక అమాస ఉన్నది. ఆ దినం ముసలవ్వ కాడికి తీస్కపోదాం. నా నోటితోటి చెప్పి పోత."

సరే అన్నాను. ఆ అమాసకు దారిలో ఒక్క అడ్డం కూడా పెట్టొద్దనుకున్నాను. నదిలో మొసళ్ళు లేవు, అడవిలో దొంగలు లేరు. ఏడో గుట్ట కింద ఒక చిన్న సంత మాత్రం పెట్టాను, నీళ్ళు, అటుకులు కొనుక్కుని ఎక్కుతారని. నా నెత్తి! ఆ సంతే కొంప ముంచింది.

"ఉత్తచేతులతోటి పోతమా ముసలవ్వ కాడికి? ఒక మేకను కొండవోదాం" అన్నాడు కాటమయ్య మామ.

మేకలవాడి నోరు ఎవరిది? బాలకృష్ణదే. ముక్కుతో మాట్లాడే పిసినారి మేకలవాడొకడు పుట్టుకొచ్చాడు. మేకకు చెప్పిన ధరకు సాయికిరణ్ నవ్వాడు. మేకలవాడు అలిగాడు. మామ సముదాయించాడు. మేకకు పళ్ళు లేవని నిరోష వంక పెట్టింది. "నువ్వు దీన్ని బువ్వకు పిలుస్తున్నవా చెల్లె, పండ్లెందుకు?" అన్నాడు మేకలవాడు. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు. నేను గోడ గడియారం చూస్తున్నాను.

"గాలిదుమారం లేస్తోంది. సంత ఎత్తేస్తున్నారు" అన్నాను. గాలి నాది కదా.

"దుమారమొస్తె నా మేక ఇంకింత పిరం" అన్నాడు మేకలవాడు.

మబ్బు తెచ్చాను. తోడేళ్ళను తెచ్చాను. ఎవరూ కదల్లేదు. మధ్యాహ్నం బువ్వ తినొచ్చి మళ్ళీ అదే మేక దగ్గర కూర్చున్నారు. అందరికంటే నిరోష ఎక్కువ పట్టుబట్టింది. ఒక ధర తెగుతుందనుకోగానే, "అట్ల గాదు గని, తలుగు తాడు గూడ ఇస్తవా?" అని మళ్ళీ మొదటికి తెచ్చేది. ఇది తెలియక చేస్తున్న పని కాదని, ఈ మనిషి మొగుడి గొంతు వింటూ కూర్చోవాలనుకుంటోందని అప్పటికి నాకు అర్థమైంది. అర్థమైనా కోపం ఆగలేదు. బర్రెలు ఇంటికొచ్చే వేళకు మేక బేరం తెగింది. గుట్ట అట్లాగే ఉండిపోయింది.

అందరూ పోయాక బాలకృష్ణను బయటికి ఈడ్చుకొచ్చాను.

"నీకు బుద్ధుందారా? మంగళారం నీ ఆపరేషన్! ఇగ ముసలవ్వ మాట ఎవడు చెప్తడు, మీ తాతనా?"

వాడు నవ్వాడు. "ఆమె నోరు తెరిస్తె కథ ఒడుస్తది గదక్కా. జర ఒడువొద్దనిపించింది. మేక ముచ్చట మంచిగుండె."

"అయితె ఆమె ఏమంటదో నాకిప్పుడు చెప్పు. నీకేమన్నయితే నేను చెప్త."

"చెప్ప. నేనే చెప్త. ఎంతో కొంత మాట రాకపోతదా?"

ఆ "రాకపోతదా" వాడి నోటి నుంచి నేను స్పష్టంగా విన్న చివరి మాట. మంగళవారం పొద్దున్నే వాళ్ళు రైలెక్కారు. నేను స్టేషన్ దాకా పోలేదు. పోతే అక్కడ ఏడుస్తానని తెలుసు.

ఆపరేషన్ బాగానే అయింది. ప్రాణానికి ఢోకా లేదన్నారు. ముక్కులో గొట్టంతో కొన్నాళ్ళు, గంజి మీద కొన్నాళ్ళు. ఇంటికొచ్చేసరికి మనిషి సగమయ్యాడు, మెడ కింద ఎర్రటి గీత. మగ్గానికి నిరోష పాత చీర కప్పి పెట్టింది. విషయం తెలిసిన రోజు కాటమయ్య మామ నా షాపు ముందు కూర్చుని, "మేక... నేనే గదనే ఆ మేక ముచ్చట ఎత్తింది" అని తల కొట్టుకున్నాడు. మొదటిసారి నాకు ఎవరి మీదా కోపం రాలేదు. ఒట్టి దుఃఖమే.

మాటలు నేర్పించే మేడమ్ దవాఖానలో గట్టిగా చెప్పిందట: ఎంత మాట్లాడితే అంత వస్తుంది, ఫోన్‌లో రాసి చూపించడం అలవాటు చేసుకోవద్దు. వాడు మాట్లాడేవాడు. నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. "ఆ" లాంటిదేదో, మధ్యలో గాలి, మళ్ళీ "ఊ". ఆటలో మనుషులందరి మాటలూ ఒక్కతే పలికిన గొంతు అది. నేను తల ఊపి, ఏదో పని ఉందని ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

నిరోషకు మాత్రం అంతా తెలిసేది. చూడ్డానికి వచ్చినవాళ్ళకు పక్కనే నిలబడి చెప్పేది. "ఏమంటాండంటే, వచ్చినందుకు సంతోషమంటాండు." "చాయ్ తాగి పొమ్మంటాండు." వాడు తల ఊపేవాడు. ఊరంతా ఆశ్చర్యపోయింది. కట్టుకున్నదానికి గాక ఎవరికి సమజైతది అన్నారు. నేనూ అదే అనుకున్నాను. కొంచెం కుళ్ళుకున్నాను కూడా, ఇన్నేళ్ళు అక్కనై ఉండి నాకు తెలియడం లేదే అని.

ఆపరేషన్ అయ్యాక మూడో అమాసకు ఆట పెట్టమన్నది బాలకృష్ణే. అట్లా అని నిరోష చెప్పింది.

నేను రాత్రంతా తయారయ్యాను. ముసలవ్వ మాటలు నేనే చెప్పాలి కదా. ఎవరి మీదో పగబట్టి వానను కట్టేసిందని ఒక కథ అల్లుకున్నాను. పగ నాకు బాగా వచ్చు. బాలకృష్ణ పక్కన కూర్చుని వింటే చాలనుకున్నాను.

మగ్గం గదిలో మళ్ళీ ఐదుగురం. సాయికిరణ్ మేకను పట్టుకుని గుట్టెక్కుతున్నానన్నాడు. మామ గవ్వలేశాడు, బాగానే పడ్డాయి. ఎవరూ నవ్వడం లేదు, ఎవరూ దారి మళ్ళడం లేదు. ఇంత బుద్ధిగా వాళ్ళు ఎప్పుడూ ఆడలేదు. గడియలో గుట్ట మీదికి చేరారు.

"గుట్ట మీద ఒక గుడిసె. గుడిసె ముందు ముసలవ్వ. మిమ్మల్ని చూసి కళ్ళు తెరిచింది" అన్నాను. నీళ్ళు తాగి, ఆమె మాట మొదలుపెట్టబోయాను.

బాలకృష్ణ చెయ్యి ఎత్తి నన్ను ఆపాడు. నడుము నిటారుగా చేసుకుని, ముసలవ్వ అయిపోయి, మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఎంతసేపు మాట్లాడాడో. గొంతు పైకి లేచింది, తగ్గింది, ఒకచోట ఆగి ఏదో అడిగింది, ఒకచోట వణికింది. చేతులు ఆకాశం వైపు చూపించాయి. పెదవి చివర చొంగ కారితే తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ చెప్పాడు. మాకు ఒక్క అక్షరం తెలియలేదు. కాటమయ్య మామ నేల చూపులు చూస్తున్నాడు. సాయికిరణ్ గవ్వలను పిడికిట్లో బిగించి పట్టుకున్నాడు. బాలకృష్ణ చెప్పడం ముగించి మా వైపు చూశాడు. నాలుగేళ్ళు దాచుకున్న మాట అది.

అప్పుడు నిరోష తన పాత్ర గొంతుతోనే అంది. "మీకు తెల్వదు. అవ్వది పాతకాలపు భాష. మా ముత్తవ్వ మాట్లాడేది, నాకొస్తది. అవ్వ ఏమంటాందంటే..."

ముసలవ్వ వైపు తిరిగి చెప్పింది. "నేను పగవట్టి వానను కట్టేయలే బిడ్డా అంటాంది. ఒక్కదాన్నే ఉంటి. వానలు వడితె ఎవ్వల పనుల్ల వాల్లుంటరు, ఈ గుట్టెవలెక్కుతరు? వాన లేకపోతెనన్న ఎవలో ఒకలు అడుగనీకొస్తరు, నాతోని జర సేపు మాట్లాడ్తరు అని కట్టేసిన అంటాంది. మీరొచ్చిన్రు. మేకను గూడ తెచ్చిన్రు. ఇగ తీస్కపోండ్రి మీ వానను. గని పొయ్యేదాక ఏమన్న మాట్లాడుండ్రి అంటాంది."

కాటమయ్య మామ భోరున ఏడ్చేశాడు. బాలకృష్ణ నిరోష వైపే చూస్తూ మెల్లగా తల ఊపాడు. "వాన మొదలైంది" అన్నాను నేను. వాన నాది కాబట్టి. మా కథ అట్లా ఒడిసింది. ముగ్గురూ ముసలవ్వ దగ్గర కూర్చుని, ఊళ్ళో ముచ్చట్లన్నీ చెప్పి, చీకటి పడకముందే గుట్ట దిగారు.

మామ, సాయికిరణ్ వెళ్ళిపోయారు. చాయ్ పెడుతున్న నిరోష దగ్గరికి వంటింట్లోకి పోయి, దాన్ని గట్టిగా పట్టుకున్నాను. "మంచిగ చెప్పినవే. వాని మనసుల ఇంత మాటున్నదని నాకు తెల్వదు" అన్నాను.

నిరోష పొయ్యి మంట తగ్గించింది.

"నాకు సమజ్ గాలే వదినె" అంది.

"ఏంది?"

"ఒక్క ముక్క సమజ్ గాలే. ఇయ్యాల్నే గాదు, ఎప్పుడు సమజ్ గాదు. నీళ్ళంటాండో బువ్వంటాండో తెల్వదు, రెండు తెచ్చి ముంగట వెడ్త. మొదట్ల ఒకపారి ఏంది, ఏంది అని మల్ల మల్ల అడిగిన. కంచం పక్కకు నూకి నాలుగొద్దులు నోరు తెరువలే. అప్పటి సంది అడుగుడు బంజేసిన. నోటికొచ్చింది చెప్త, తల ఊపుతడు. దేవుని దయ, ఎట్లనో సరివోతాంది అనుకుంటున్న." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ముసలవ్వ మాట నేనే కల్పిచ్చిన. ఆయన నాలుగేండ్ల సంది దాసుకున్న మాట... ఏమన్నడో ఏమో. ఆయనకు తెల్వనియ్యకు వదినె, నీ కాల్మొక్త."

అంటే వాడి మాట ఎవరికీ చేరలేదు. గాలిలోనే పోయింది. ఏం చేసైనా దాన్ని పట్టుకోవాలనిపించి మగ్గం గదిలోకి పోయాను. బాలకృష్ణ గవ్వలు ఏరి సంచిలో వేస్తున్నాడు.

"రేయ్ బాలా" అన్నాను, గొంతు మామూలుగా పెట్టుకుని. "ముసలవ్వ చెప్పింది నాకోసం ఒక్కపారి ఫోన్‌ల కొట్టి ఇయ్యి. మల్లొకపారి చదువుకుంట."

వాడు నన్ను తేరిపార చూశాడు. ఫోన్ తీసి, రెండు వేళ్ళతో నెమ్మదిగా కొట్టి నా ముందు పెట్టాడు. "నిరోష చెప్పింది ఇన్నవ్ గద" అని ఉంది.

"నువ్వు చెప్పింది గదేనా?"

వంటింట్లోంచి గ్లాసులు కడుగుతున్న చప్పుడు వస్తోంది. వాడు అటు చూసి, తల అడ్డంగా ఊపాడు. కాదు.

"మరి దానికి సమజైతలేదని నీకు..."

మాట పూర్తికాక ముందే కళ్ళు మూసి తెరిచాడు. తెలుసు. మళ్ళీ ఫోన్ తీసుకుని కొట్టాడు. "దవాఖాన్ల ఉన్నప్పటి సంది తెల్సు." చదివానో లేదో, చెరిపేశాడు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి చెడామడా తిట్టాలనిపించింది. నువ్వు రాసి చూపించరాదా, నువ్వు నోరు తెరిచి అడగరాదా, ఏం బతుకులు మీవి అని అరవడానికి నోరు కూడా తెరిచాను. నిరోష చాయ్ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, మొహం కడుక్కుని వచ్చింది. నన్ను చూసింది, వాణ్ణి చూసింది.

"ఏమంటాండు వదినె?" అని అడిగింది.

ఇద్దరూ నా నోటి వైపే చూస్తున్నారు.

"నువ్వు ఒక్క మాట గూడ పోనియ్యకుంట చెప్పినవంటాండు" అన్నాను.

బాలకృష్ణ తల ఊపాడు. నిరోష వాడి పక్కన కూర్చుని, చాయ్‌ను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి తిరగబోసి చల్లార్చడం మొదలుపెట్టింది.